చెవిలో హోరుకు, చెవిపోటుకు సోనోగ్రఫీ: ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు డబ్బు దండగ

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచలో చెవి నొప్పి అన్నా, చెవిలో హోరు అన్నా ఎవరో ఒకరు "ఒకసారి సోనోగ్రఫీ చేయించరాదూ" అంటారు. ప్రాణహిత నది దాటి తెలంగాణలోకి వెళ్తే దాన్నే స్కానింగ్ అంటారు. పేరు ఏదైనా ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, తోడు వచ్చినవాళ్ల తిండి ఖర్చు, పైన స్కాన్ డబ్బులు. అందుకే బయలుదేరే ముందు మీ చెవి బాధ స్కాన్‌కు అందేదో కాదో తెలుసుకోండి.

మా అమ్మకు పోయినేడు కుడి చెవిలో గుయ్‌మని మోత మొదలైంది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక ఇంకా పెరిగేది, లేచి కూర్చునేది. నది అవతల ఒక సెంటర్‌కు తీసుకెళ్తే మెడకు స్కాన్ తీసి అంతా నార్మల్ అని రాసిచ్చారు. మేం సంతోషపడ్డాం గానీ మోత మోతలాగే ఉంది. నెల తర్వాత ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి దగ్గర, నుదుటి మీద పెట్టి, మూసిన గదిలో హెడ్‌ఫోన్ పెట్టించి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించారు. రెండు చెవుల్లోనూ కీచుగా ఉండే సన్నటి శబ్దాలు వినే శక్తి తగ్గింది, కుడివైపు మరికాస్త ఎక్కువ. ఈ సంగతి ఎంత పెద్ద సోనోగ్రఫీ మిషన్‌లోనూ కనపడదు.

ఎందుకంటే సోనోగ్రఫీ అంటే మన చెవికి వినపడనంత కీచు శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కట్టడం, బావిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టే. మనిషి చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్ (సెకనుకు 20,000 కంపనాలు) వరకే అందుతుంది, మెడ చూసే ప్రోబ్ (చర్మం మీద జరిపే పరికరం) పంపేది కొన్ని మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు పదుల లక్షల కంపనాలు. ఆ శబ్దం మెత్తటి కండలోంచి, నీటిలోంచి బాగా పోతుంది గానీ గాలి తగిలితే వెనక్కి కొడుతుంది, ఎముక తగిలితే అక్కడే ఆగిపోతుంది. చర్మానికి జెల్ రాసేది కూడా మధ్యలో గాలి లేకుండా చేయడానికే. మరి కర్ణభేరి వెనక ఉన్నది గాలి గది, ఇంకా లోపల నత్తగుల్లలా ఉండే వినికిడి భాగం ఉన్నది ఒంట్లోకెల్లా గట్టి ఎముకలో. అందుకే చెవి లోపలికి సోనోగ్రఫీ చూపు ఆనదు. లోపల చూడాల్సి వస్తే సీటీ, ఎమ్మారై రాస్తారు. ముఖ్యంగా ఒక్క చెవిలోనే మోత ఉండి ఆ చెవికే వినికిడి తగ్గితే ఎమ్మారై అవసరం పడొచ్చు.

మోతలో రెండు రకాలున్నాయి, ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రి ఫ్యాను ఆపి మంచం మీద పడుకోండి. మోత ఎలా వస్తుందో అలాగే వేలితో మంచం పట్టె మీద కొట్టండి. ఇంట్లో ఇంకొకరు మీ మణికట్టు నాడి పట్టుకుని, నాడి కొట్టుకోవడం, మీ వేలి దెబ్బ కలుస్తున్నాయా అని ఒక నిమిషం చూడాలి. నాడి మీరే పట్టుకోవద్దు, తెలియకుండానే వేలు నాడితో కలిసిపోతుంది. కొంచెం వేగంగా నాలుగు అడుగులు వేసి వచ్చి మళ్లీ చూడండి. నాడితో పాటు మోత కూడా వేగం పెంచిందంటే అది రక్త ప్రవాహం చప్పుడు కావొచ్చు. పరీక్ష పేరుతో మెడ మీద నొక్కి చూడటం మాత్రం వద్దు.

ఎడతెగకుండా కీచురాయిలా వచ్చే మోతకు ముందు చెవి లోపల చూడటం, ఆడియోగ్రామ్. గుమిలి గట్టిపడి అడ్డం పడితే అది తీయగానే మోత తగ్గినవాళ్లు ఉన్నారు.

నాడితో కలిసి వచ్చే మోతకు మాత్రం సోనోగ్రఫీ నిజంగా పనికొస్తుంది, దాన్ని మెడ రక్తనాళాల డాప్లర్ అంటారు. అంతకంటే ముందు దగ్గరి సర్కారు దవాఖానలో బీపీ చూపించి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఒంట్లో రక్తం తక్కువైనా (హిమోగ్లోబిన్ తగ్గినా) ఇలాంటి మోత వస్తుంది, మన గడ్చిరోలి జిల్లాలో సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. డాప్లర్‌కు పరగడుపున ఉండాల్సిన పని లేదు. మెడలో గొలుసు, తాడు తీసేసి, మెడ దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకెళ్తే చాలు. పడుకోబెట్టి మెడ పక్కకు తిప్పించి, జెల్ రాసి ప్రోబ్ జరుపుతుంటారు, మధ్యలో మిషన్ లోంచి హుష్ హుష్ అని వినపడేది మీ రక్తం పారే చప్పుడే, భయపడకండి. రిపోర్టులో పీఎస్‌వీ అని ఒక అంకె ఉంటుంది, అంటే గుండె కొట్టినప్పుడు రక్తం పరుగెత్తే గరిష్ఠ వేగం. మెదడుకు పోయే పెద్ద నాళంలో అది సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే నాళం సగమో అంతకంటే ఎక్కువో ఇరుకైందేమో అని అనుమానిస్తారు, 230 దాటితే 70 శాతం పైనే. ఒక్క అంకె చూసి మీరే తీర్పు చెప్పుకోకండి, డాక్టరు నాళం గోడను, బొమ్మను కూడా చూస్తారు. డాప్లర్ నార్మల్ వచ్చినా నాడి మోత తగ్గకపోతే ఊరుకోవద్దు, పుర్రె లోపలి నాళాలు ఈ మిషన్‌కు సరిగా అందవు, సీటీ లేదా ఎమ్మారై యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) అడగాలి. దానికి తోడు తలనొప్పి, చూపు మసక ఉంటే కంటి డాక్టరు దగ్గరికి ఆలస్యం లేకుండా వెళ్లండి.

ఇక చెవిపోటు. చెవిలోకి లైటు వేసి చూడకుండా ఏ స్కాన్ రాసినా ఒప్పుకోకండి. వెల్లుల్లి కాచిన నూనె పోయడం మన ఇళ్లలో అలవాటే గానీ కర్ణభేరికి చిల్లు ఉంటే అది లోపలికి దిగి చీము పెంచుతుంది, చూపించుకునే దాకా ఏమీ పోయకండి. చెవి కింద, చెవి ముందు, దవడ మూల దగ్గర గడ్డలా వాపు ఉంటే మాత్రం సోనోగ్రఫీ మంచి సాధనం. లాలాజల గ్రంథి వాచిందా, అందులో రాయి ఉందా (తినేటప్పుడు నొప్పి, వాపు పెరిగితే ఇదే అనుమానం), బిళ్ల కట్టిందా, చీము చేరిందా అన్నది బాగా తెలుస్తుంది. అవసరమైతే ఆ బొమ్మ చూస్తూనే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

చెవి శుభ్రంగా ఉండి కూడా పోటు వస్తుంటే నొప్పి పుట్టేది వేరే చోట కావొచ్చు. పుచ్చిన దంతం, గొంతు, దవడ కీలు, వీటికి వెళ్లే నరాల కొమ్మలే చెవికీ వెళ్తాయి. మా చిన్నాన్నకు రెండు నెలలు చెవిలో చుక్కల మందు మీద చుక్కల మందు వేశారు. రోజంతా ఖర్రా నమిలే మనిషి, పాలిథిన్ కాగితంలో సున్నం, పొగాకు, వక్క కలిపి రుద్దిన ఆ పొట్లం బుగ్గలో లేని గంట ఉండదు. ఆఖరికి ఒక డాక్టరు నోరు తెరిపించి మూడు వేళ్లు నిలువుగా పెట్టించారు. రెండు వేళ్లే పట్టాయి, మూడో వేలు పళ్లకు తగిలి ఆగిపోయింది. బుగ్గ లోపలి చర్మం బిగిసిపోయి దవడ లాగుతుంటే ఆ నొప్పి చెవిలో పలికిందన్నమాట. ఆ రోజు నుంచే ఖర్రా మాన్పించాం. ఖర్రా, గుట్కా తినేవాళ్లకు చెవి బాగుండి పోటు రెండు మూడు వారాలు తగ్గకపోతే నాలుక వెనక అడుగు భాగం, గొంతు లోపల తప్పకుండా చూపించాలి, అక్కడి క్యాన్సర్ కూడా మొదట చెవిపోటుగానే బయటపడొచ్చు. మెడలో గడ్డ తగిలితే దానికి సోనోగ్రఫీ.

చికిత్సకు వాడే అల్ట్రాసౌండ్ వేరే మిషన్, ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర ఉంటుంది, 1 లేదా 3 మెగాహెర్ట్జ్. దవడ కీలు పట్టేసి చెవిపోటు వచ్చినవాళ్లకు చెవి ముందు జెల్ రాసి, మిషన్ తల ఒకచోట ఆపకుండా తిప్పుతూ కొన్ని నిమిషాలు పెడతారు. కొందరికి ఉపశమనం ఉంటుంది, కానీ దానితో పాటు మెత్తటి తిండి, దవడ వ్యాయామం, పళ్లు నూరడం మానడం లేకుండా అది ఒక్కటే నిలవదు. చీము ఉన్నచోట, క్యాన్సర్ అనుమానం ఉన్న గడ్డ మీద పెట్టించుకోవద్దు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. చెవి మోతకు కూడా అల్ట్రాసౌండ్ పెట్టి చూశారు, 1980ల నాటి మాట. మొదట ఆశ పుట్టింది గానీ, రోగికీ చేసేవాళ్లకూ తెలియకుండా ఉత్తుత్తి మిషన్‌తో మళ్లీ పోల్చి చూస్తే తేడా నిలవలేదు. కాబట్టి మోత పోగొడతామని అమ్మే చెవి మిషన్లకు డబ్బు పెట్టకండి. మా అమ్మకు పని చేసింది వినికిడి మిషన్, రాత్రి తల దగ్గర సన్నగా రేడియో.

కొన్నిటికి స్కాన్ కోసం ఆగనే ఆగకూడదు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు, మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది. చెవి వెనక వాచి చెవి ముందుకు తోసినట్టున్నా, మూతి వంకర పోయినా, షుగర్ ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర పట్టనంత చెవి నొప్పి ఉన్నా నేరుగా పెద్దాసుపత్రికే.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకోండి. మలేరియాకు క్వినైన్ పడ్డా, టీబీకి సూదులు పడ్డా, ఆస్ప్రిన్ ఎక్కువైనా చెవి మోత వస్తుంది, మన అడవి ఊళ్లలో ఇది డాక్టరుకు ముందే చెప్పాల్సిన సంగతి. చంద్రపూర్ వైపు వెళ్తే డాక్టరు మరాఠీలో అడుగుతారు. కుడి చెవిలో మోత అనడానికి "ఉజవ్యా కానాత్ ఆవాజ్ యేతో", ఎడమ అయితే "డావ్యా కానాత్". నాడితో పాటు వస్తుంటే "నాడీసోబత్ యేతో" అనండి, ఈ ఒక్క మాట మర్చిపోకండి, డాప్లర్ రాయాలా ఆడియోగ్రామ్ రాయాలా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.