ఒళ్లు పట్టించుకునే ముందు

డిసెంబరు, జనవరి వచ్చాయంటే మనవాళ్లు కేరళ దారి పడతారు. కొందరు ఇరుముడితో, కొందరు పిల్లల సెలవులకు. ఎలాగూ అంతదూరం వచ్చాం కదా అని మర్దన చేయించుకుని రావడం కూడా మామూలైపోయింది. నాకూ ఆ సరదా ఉంది, అందుకే వద్దనను. కానీ నూనె రాయకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు పిక్కల సంగతి. రాత్రంతా బస్సులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే రెండు కాళ్లూ పీకుతాయి. అది అలసట. అలాకాకుండా ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే దాన్ని ఎవరిచేతా పిసికించకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గట్టిగా రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఢిల్లీలో 2016లో 23 ఏళ్ల కుర్రాడు అలాగే చనిపోయాడు. చీలమండకు దెబ్బ తగిలి కట్టు కట్టారు, కట్టు విప్పాకా నొప్పి తగ్గలేదు, కన్నతల్లి ప్రేమగా నూనె రాసి కాలు పట్టింది. ఈమధ్యే ఆపరేషనైనవాళ్లు, కట్టు కట్టించుకుని నెలల తరబడి మంచం మీద ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించాకే కాలు పట్టించుకోవాలి.

రెండోది మెడ. దీనికి కేరళ దాకా పోనక్కర్లేదు, వీధి చివర సెలూన్ చాలు. కటింగ్ అయ్యాక తల మాలీష్ చేసి, చివర్లో గడ్డం పట్టుకుని టక్కుమని మెడ తిప్పుతారు. ఆ చప్పుడుకి ఏదో నరం సర్దుకున్నట్టు హాయిగా ఉంటుంది. నిజానికి అది కీలులోని ద్రవంలో గాలి బుడగ చేసే చప్పుడు. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ వెన్నుపూసల రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. విసురుగా తిప్పితే వాటి లోపలి పొర చీలే ప్రమాదం ఉంది. ఎక్కడో అరుదుగా జరుగుతుంది, నిజమే. జరిగితే మాత్రం పక్షవాతం దాకా పోవచ్చు. తిప్పడమే కాదు, మెడ వెనక్కి వంచి ఉంచినా చిక్కే. హైదరాబాద్‌లో 2022లో 50 ఏళ్ల మహిళకు బ్యూటీ పార్లర్‌లో బేసిన్ మీద మెడ వాల్చి తల కడిగించుకుంటుండగా స్ట్రోక్ వచ్చింది. కుర్చీలో కూర్చోగానే ‘మెడ విరవొద్దన్నా’ అని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మాలీష్ తర్వాత కళ్లు తిరగడం, వాంతులు, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం వస్తే పడుకుంటే పోతుందనుకోకుండా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

ఇక స్పాల సంగతి. స్వీడిష్ అంటే మెత్తటి మర్దన, దానితో పెద్ద బెడద లేదు. డీప్ టిష్యూలో మోచేత్తో నొక్కుతారు. మర్నాడు ఒళ్లు నొప్పులుంటే సరే, చెయ్యో కాలో తిమ్మిరెక్కితే సరికాదు. నొప్పి పుడితేనే పనిచేసినట్టని మనవాళ్లు పళ్ల బిగువున భరిస్తారు, డబ్బిచ్చి మరీ! ‘కాస్త మెల్లగా’ అనడానికి మొహమాటమెందుకు? థాయ్ పద్ధతిలో నూనె ఉండదు, వదులు బట్టలతో చాప మీద పడుకోబెట్టి ఒళ్లు సాగదీస్తారు. డిస్కు జారినవాళ్లు, మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. తాడు పట్టుకుని కాళ్లతో తొక్కే కేరళ చవిట్టి తిరుమ్మల్ అసలే వద్దు.

అభ్యంగనంలో నూనె వేడి చూసుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాలినా తెలియదు. వేడి నూనెకైనా, మందాకుల మూటతో చేసే కిళికైనా ముందు మీ మోచేతి మీద తాకించి చూడండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, గర్భంతో ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. జ్వరమున్నప్పుడు వద్దు. అజీర్తి ఉన్నప్పుడు వద్దని ఆయుర్వేద గ్రంథం రాసిన వాగ్భటుడు ఎప్పుడో చెప్పాడు. తీరా అన్నీ చూసుకుని, లేచాక నూనె పాదాలతో గచ్చు మీద జారి పడేవాళ్లను చూశాను! బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఒక్కసారిగా లేవకుండా రెండు నిమిషాలు బల్ల మీదే కూర్చోవాలి.

చంటిపిల్లల సంగతి వేరే చెప్పాలి. అమ్మమ్మలు కాళ్లు చాపుకుని, పిల్లను వాటి మీద పడుకోబెట్టి నూనె రాయడం ఎంత బాగుంటుందో! కొబ్బరినూనె మంచిది, ఆవనూనె ఆ లేత చర్మానికి పడదు. పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బి ఉంటే పిండకూడదు, చీము పడుతుంది. వాటంతట అవే తగ్గుతాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. ‘నీకూ పోశాం, నువ్వు బతకలేదా?’ అంటుంది మా అమ్మమ్మ. ఆవిడతో వాదించి గెలవలేం. ఒళ్లు రాయడం పూర్తి కాగానే నూనె గిన్నె తీసుకెళ్లి వంటింట్లో పెట్టేస్తాను.