దాడికి గురైన మనిషికి తోడుగా వెళ్లేవారు చేయవలసినవి

బంధువులంతా "పొడిచినవాడికి ఎన్నేళ్ల జైలు పడుతుంది?" అని అడుగుతారు. కృష్ణరాజపురంలో కత్తిపోట్లకు గురైన మా తోడికోడలు అడిగినవి వేరు. నేను చెప్పింది చెప్పినట్టు రాశారా? వాడు బెయిలు మీద వస్తే నాకు ఎవరైనా చెబుతారా? పొట్టకూటికి బెంగళూరు వచ్చిన మనవాళ్లు ఎవరికైనా ఇలాంటి ఆపద వస్తే, వారికి ఏం కావాలో ముందు అడగండి.

స్టేషన్‌లో ఫిర్యాదు కన్నడంలో రాస్తారు. దాన్ని చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, చట్టమే అలా చెబుతోంది. కన్నడం బాగా వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యం తెలుగులో చెప్పించుకోండి. మా తోడికోడలి ఫిర్యాదులో మొదట "కుడిచేతికి గాయం" అని మాత్రమే రాశారు. ఆమె ఆ చెయ్యి బల్ల మీద పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు రావడం లేదని చూపించింది. బట్టలు కుట్టి బతికే మనిషి సూది ఎలా పట్టుకుంటుంది? ఆ మాట చేర్చాకే సంతకం పెట్టింది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, వెంటనే అడిగి తీసుకోండి. మా పరిధి కాదని తిప్పి పంపబోతే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్‌ఐఆర్, రాయమనండి.

పోలీసులూ కోర్టులూ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. బెయిలు విచారణలోనూ బాధితుల మాట వినాలని ఉత్తరప్రదేశ్‌లో వాహనం కింద పడి రైతులు చనిపోయిన లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. కాబట్టి బెయిలు దరఖాస్తు పడితే కబురు చేయమని ప్రాసిక్యూటర్‌కు, అంటే ప్రభుత్వం తరఫు వకీలుకు, ముందే చెప్పి ఉంచండి.

పరిహారం అడగడానికి మొహమాటం వద్దు, అది దానం కాదు. నిందితుడు దొరకకపోయినా జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆస్పత్రి బిల్లులు, గాయాల ధ్రువపత్రం, పోయిన కూలి లెక్క దాచి ఉంచండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చేయండి.

ఊరి పెద్దలు రాజీ మాట ఎత్తుతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ చెయ్యి వాళ్లది కాదు. హత్యాయత్నం కేసుకు చట్టంలో రాజీయే లేదని వాకిట్లోనే చెప్పి పంపండి.

నిందితుడిని నిర్దోషిగా వదిలేసినా, తక్కువ నేరానికే శిక్ష వేసినా, పరిహారం చాలకపోయినా బాధితులు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు. తీర్పు వెలువడిన రోజే ధ్రువీకరించిన నకలు కోసం దరఖాస్తు ఇచ్చి రండి.