అరవై దాటినవారికి విశ్వవిద్యాలయంలో చోటు కల్పించడం ఎలా

పెద్దవయసువారికి చదువు చెప్పాలనుకునే విశ్వవిద్యాలయం ముందుగా పాఠ్యప్రణాళిక రాయనక్కరలేదు. తన దరఖాస్తు ఫారాన్ని ఒకసారి శ్రద్ధగా చదువుకోవాలి. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల జాబితా, వాటి నకళ్లపై గెజిటెడ్ అధికారి సంతకం అడిగితే, పెళ్లి కాగానే చదువు ఆపేసి నలభై ఏళ్లు గడిపిన మనిషి వాటిని ఎక్కడి నుంచి తెస్తుంది? డిగ్రీ కోరనివారి నుంచి పేరు, వయసు, ఫోన్ నంబరు, నేర్చుకోదలచిన విషయం తీసుకుంటే చాలు. ఫారం తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒక్క పేజీలో ఉండాలి. ఆన్‌లైన్‌తోపాటు చేత్తో నింపి ఇచ్చే వీలూ ఉండాలి.

అర్హతల గడప తగ్గించడం మనకు కొత్త కాదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ సంస్థ, బడి చదువు పూర్తికానివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి చూపింది. అయితే దూరవిద్య ఇంటికి పుస్తకం పంపగలదు కానీ, పక్క బెంచీలో తోడును పంపలేదు. పెద్దలకు ఆ తోడే ఎక్కువ అవసరమని నా నమ్మకం. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో విశ్వవిద్యాలయమే పెద్దల కోసం తరగతులు తెరిచింది. 1980ల తొలినాళ్లలో బ్రిటన్‌లో మొదలైన బృందాల్లో సభ్యులే ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. మన జిల్లాల్లోని విశ్వవిద్యాలయాలు ఈ రెండింటినీ కలుపుకోవచ్చు: గది, గ్రంథాలయ కార్డు, ఒక బాధ్యుడైన అధ్యాపకుడు సంస్థవి, ఏం చదవాలో తేల్చే కమిటీ పెద్దలది. వయోజన, నిరంతర విద్యా విభాగం ఉన్నచోట ఈ పని దానికే అప్పగించాలి, ఆ బోధన గంటలను అధ్యాపకుడి పనిభారంలో లెక్కించాలి. అలా లెక్కించకపోతే అది ఒకరి మంచితనం మీద ఏడాది నడిచి ఆగిపోతుంది.

విషయాలను వాళ్లనే అడగాలి. వీలునామా, ఆస్తి చట్టాలు, ఫోన్‌లో డబ్బు పంపడం, మోసాలను గుర్తించడం, ఊరి చరిత్ర, పద్య ఛందస్సు, ఇలా అడుగుతారు. భూమి రికార్డుల మీద జరిగిన ఒక తరగతిలో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. అధ్యాపకుడు ఊరి భూముల సాగు వివరాలుండే అడంగల్ నకలు చూపిస్తుండగా, రిటైరైన గ్రామాధికారి ఒకాయన లేచి, అనుభవదారు గడికి, పట్టాదారు గడికి ఉన్న తేడాను పాత తగాదాలతో సహా వివరించారు. లా విద్యార్థులు తలెత్తకుండా రాసుకున్నారు. అందుకే యువ విద్యార్థులను పెద్దలతో కలిపి కూర్చోబెట్టాలి, పెద్దలకు వారంలో ఒక గంటైనా బోధించే అవకాశమివ్వాలి.

తరగతి ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు పెట్టడం మేలు. ఇంటిపని తెమిలి ఉంటుంది, చీకటి పడకముందే ఇల్లు చేరతారు. కింది అంతస్తు, వీపు ఆనించే కుర్చీలు, పనిచేసే మైకు, దగ్గర్లో మరుగుదొడ్డి తప్పనిసరి. వారానికి రెండు రోజులు, ఎనిమిది వారాల కోర్సు సరిపోతుంది. పరీక్ష, హాజరు శాతం వద్దు. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వాలి. ఏనాడూ తన పేరున చదువు పట్టా చూసుకోని మనిషికి ఆ కాగితం విలువ మనం కొలవలేనిది.

మూడో వారంలో రానివారికి ఫోన్ చేయాలి. మనవడికి జ్వరమో, బస్సు వేళ కుదరకపోవడమో తెలుస్తుంది. బస్సే కారణమైతే తరగతి వేళను అరగంట జరపాలి.