లైసెన్స్ చేతికొచ్చింది, మరి కారు ఇన్సూరెన్సో?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర నాదొక జిరాక్స్ షాపు. ఊళ్లో సగం మంది లైసెన్సులు, ఆర్సీలు నా మిషన్ మీదుగా వెళ్లినవే. అలాంటిది నా లైసెన్సే మూడు నెలలు సస్పెండయింది. టెక్కలిలో పెళ్లి, భోజనాలకు ముందు మా తోడల్లుడి బలవంతం, తిరిగొస్తుంటే నరసన్నపేట దాటాక హైవే మీద గొట్టంలో ఊదమన్నారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. నాకు బాగానే దాటింది. కోర్టులో 10,000 కట్టాను. బలవంతం అన్నాను గానీ, గ్లాసు పట్టుకున్న చెయ్యి నాదే.

ఇప్పుడు సస్పెన్షన్ ఆర్డరు జిరాక్స్‌కి తెచ్చినవాళ్లు నన్నే అడుగుతున్నారు. "బాబూ, లైసెన్స్ వచ్చేక ఇన్సూరెన్స్ ఇత్తారా? డబల్ కట్టమంటారా?"

ఇస్తారు. డబల్ కూడా కాదు. మన దగ్గర ప్రీమియం ప్రధానంగా బండిని బట్టే ఉంటుంది: ఇంజిన్ సీసీ, బండి వయసు, ఐడీవీ (అంటే బీమా కోసం బండికి కట్టే విలువ), రిజిస్టరైన ఊరు, నో క్లెయిమ్ బోనస్. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి తీసుకునే థర్డ్ పార్టీ బీమా రేటయితే ప్రభుత్వం నిర్ణయించేదే. 2022 జూన్‌లో వేసిన రేట్ల ప్రకారం కారు 1000 సీసీ లోపయితే 2,094, 1500 దాకా 3,416, ఆపైన 7,897, జీఎస్టీ అదనం. ఓ కుర్రాడు యూట్యూబ్ చూసొచ్చి "ఎస్ఆర్-22 ఎక్కడ తీసుకోవాలన్నా?" అని అడిగాడు. అది అమెరికా గొడవ. లైసెన్స్ పోయినవాడికి బీమా ఉందని కంపెనీ అక్కడి రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చే కాగితం. మనకలాంటిదేం లేదు.

మనవాళ్లకు దెబ్బ తగిలేది వేరే చోట. నా పాలసీ గడువు సస్పెన్షన్ మధ్యలో తీరింది. మా బావమరిది అన్నాడు, "ఏటి బావా, కారు ఎలాగూ కదల్దు గదా, ఇప్పుడు డబ్బులు తగలెయ్యడం ఎందుకేటి?" నాకూ సబబే అనిపించింది. అదే నేను చేసిన తెలివితక్కువ పని. లైసెన్స్ సస్పెండయింది నాది, కారుది కాదు. పాలసీ ఉండుంటే లైసెన్స్ ఉన్న ఆ బావమరిదే దర్జాగా నడపొచ్చు. పైగా మా కారు ఉండేది ఇంటి ముందు వీధిలో. నిలబెట్టిన కారుకు ఏమవుతుందిలే అనుకునేవాళ్లు 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో గుర్తు తెచ్చుకోండి. మన సొంత బండికి జరిగే నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ కవర్ పనికొచ్చేది అలాంటప్పుడే.

ఇక బోనస్. నాలుగేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 45 శాతం తగ్గుతుంది. ఆ ప్రీమియం 8,000 అనుకుంటే 3,600 మిగిలినట్టు. గడువు తీరి 90 రోజులు దాటిందా, అంతా సున్నా, మళ్లీ మొదటికి. నేను మేలుకునేసరికి 71వ రోజు. క్యాలెండర్ మీద పెన్నుతో గీతలు గీసి మరీ లెక్కపెట్టాను.

అన్ని రోజులు ఎందుకు పట్టిందంటే, మూడు నెలలు నిండగానే లైసెన్స్ దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. 2019 సవరణ తర్వాత చట్టంలో రిఫ్రెషర్ ట్రైనింగ్ షరతు పెట్టారు. అది పూర్తి చేస్తేనే తిరిగివ్వాలి. ఆ సర్టిఫికెట్టు, సస్పెన్షన్ ఆర్డరు, కోర్టు రసీదు కాపీలు తీసి దాచుకోండి. కార్డు చేతికొచ్చాక కూడా లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు సారథి పోర్టల్లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి స్టేటస్ చూసుకోండి. అక్కడ యాక్టివ్ అని కనబడేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు.

ఎందుకంటే ప్రతి పాలసీలోనూ చిన్న అక్షరాల్లో డ్రైవర్ క్లాజ్ అని ఒకటుంటుంది. ప్రమాద సమయానికి నడిపేవాడి లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి, అతని మీద అనర్హత ఉండకూడదు అని. సస్పెన్షన్‌లో నడిపి ఎవరినైనా గుద్దితే, కోర్టు చెబితే కంపెనీ బాధితుడికి కట్టినా తర్వాత ఆ డబ్బు మన దగ్గరే వసూలు చేసుకుంటుంది. మన బండి రిపేరు మన జేబులోంచే. అనర్హతలో నడిపినందుకు జరిమానా మరో 10,000.

గడువు తీరిన పాలసీకి థర్డ్ పార్టీ ఒక్కటే కావాలంటే బండి చూడరు. ఓన్ డ్యామేజ్ కూడా కావాలంటే ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. నాకు ఫోన్‌కి లింకు పంపారు. కారు చుట్టూ తిరుగుతూ వీడియో తియ్యాలి, మధ్యలో ఆపకూడదు. సాయంత్రం ఆరింటికి తీశాను, అద్దం మీద వీధి దీపం మెరిసిందని రిజెక్ట్. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కారు కడిగి, తుడిచి, నీడ పడని చోట పెట్టి మళ్లీ తీశాను. నంబరు ప్లేటు, నాలుగు వైపులా, ముందద్దం లోపల్నించి, కిలోమీటర్ల మీటరు, ఛాసిస్ నంబరు. ఆ నంబరు మీద ఎన్నాళ్ల మట్టో, పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే గానీ అంకెలు బయటపడలేదు. వెనక బంపర్ మీద ఆవు కొమ్ము గీసిన గీత ఉంది. దాచకుండా దగ్గరికెళ్లి చూపించాను. పాత దెబ్బ అని రాసుకుంటే, రేపు కొత్త దెబ్బ తగిలినప్పుడు పేచీ ఉండదు.

ఫారంలో గతంలో సస్పెన్షన్, కేసులు ఉన్నాయా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. అబద్ధం రాసి, క్లెయిమ్ రోజున దొరికిపోవడం కంటే అది నయం. ఏజెంటు "అది ఖాళీగా వదిలెయ్యండి సార్" అన్నా వినొద్దు. సంతకం ఆయనది కాదు.

ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ (బండి నడిపే ఓనరుకే ప్రమాదం జరిగితే ఇచ్చేది) 15 లక్షలది. చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్న ఓనరుకే ఇస్తారు. సస్పెన్షన్‌లో ఉండగా అది లేకుండా రెన్యూవల్ చేసినవాళ్లు లైసెన్స్ రాగానే అడిగి చేర్పించుకోండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

డబ్బు కట్టాక పాలసీ కాగితంలో మొదలయ్యే తేదీ, టైము చూడండి. గ్యాప్ వచ్చిన పాలసీ వెనక్కి వెళ్లి అతకదు. నాది డబ్బు కట్టిన రోజు రాత్రి పన్నెండు దాటాక మొదలని ఉంది. ఆ రోజంతా తాళాలు కౌంటర్ సొరుగులోనే ఉన్నాయి.

పాలసీ ప్రింటు నా షాపులోనే తీసుకున్నాను. కౌంటర్లో కూర్చున్న మా ఆవిడ కలర్ ప్రింటుకి పది రూపాయలు వసూలు చేసింది.