ఒంటరి ప్రయాణంలో మీ ఫొటోలు మీరే తీసుకునే ముందు చూసుకోవలసినవి

సెలవుల ప్రయాణాలు దగ్గరపడుతున్నందున, తోడు లేకుండా బయలుదేరేవారు ఈ కొన్ని విషయాలను ముందే సరిచూసుకోవాలని కోరుతున్నాను.

• కొండ అంచున, జలపాతం పక్కన ఫోను తెరను చూస్తూ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకండి. చూపు తెరపై ఉన్నప్పుడు నేల ఎక్కడ ముగుస్తుందో తెలియదు, పట్టుకోవడానికి పక్కన మరొకరు ఉండరు. నిలబడే చోటును ముందే నడిచి చూసి, ఒక రాయితో గుర్తు పెట్టుకుని, ఆ తరువాతే టైమర్ నొక్కండి. రైలు పట్టాల మీదికి మాత్రం అసలు వెళ్లకండి.

• రద్దీగా ఉన్న చోట ఫోనును స్టాండుపై ఉంచి దూరంగా వెళ్లకండి. అది పోతే టికెట్లు, చెల్లింపులు, దారి చూపే మ్యాపు అన్నీ ఒకేసారి పోతాయి.

• టైమర్‌ను 3 సెకన్లకు కాక 10 సెకన్లకు పెట్టండి. సమయం చాలక పరుగెత్తి వస్తే ఆ ఆయాసం ముఖంలో కనిపిస్తుంది.

• వీలైనంతవరకు వెనుక కెమెరానే వాడండి. చాలా ఫోన్లలో నాణ్యత దానిదే ఎక్కువ. ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సుతో తీస్తే మాత్రం ఫొటో చట్రం మధ్యకు దగ్గరగా నిలబడండి, ఎందుకంటే అంచుల్లో ఉన్న ముఖాన్నీ చేతులనూ అది సాగదీస్తుంది.

• మిట్టమధ్యాహ్నం నీడ ఉన్న చోటు చూసుకోండి. నడినెత్తిన ఉన్న ఎండ కళ్ల కింద నల్లని నీడలు వేస్తుంది.

• లెన్సు తుడవండి. వేలిముద్ర ఉంటే ఫొటో మసకబారుతుంది.

• ఆ ఊరు దాటిన తరువాతే ఫొటోలు అందరికీ చూపండి. ఒంటరిగా ఎక్కడ ఉన్నారో అపరిచితులకు అప్పటికప్పుడు తెలియకూడదు.