ఆర్ట్ ప్రింటు రంగు ఎంతకాలం నిలుస్తుందో ఇంట్లోనే పరీక్షించడం

హైదరాబాదులో తమ చిత్రాలను ఇంక్‌జెట్ ప్రింట్లుగా అమ్మే చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు కొనుగోలుదారు అడగకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: తాము వాడే ఇంకు, తాము వాడే కాగితం మీద ఎంతకాలం నిలుస్తుంది? ఇంకును విడిగా, కాగితాన్ని విడిగా మెచ్చుకోవడంలో అర్థం లేదు. రెంటినీ జంటగానే పరీక్షించాలి.

డై ఇంకులో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది కనుక వెలుతురుకూ, గాలిలోని ఓజోనుకూ త్వరగా లొంగుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సూక్ష్మమైన ఘనకణాలుగా ఉండడం వల్ల పైనున్న అణువులు దెబ్బతిన్నా లోపలివి చాలాకాలం భద్రంగా ఉంటాయి. అమ్మే ప్రింటుకు పిగ్మెంటే వాడాలని నా అభిప్రాయం. కాగితం ఆమ్లరహితమైన కాటన్ ర్యాగ్ (పత్తి పీచుతో చేసినది) అయితే మేలు. మరీ తెల్లగా మెరిసే కాగితాల్లో తరచుగా ఆప్టికల్ బ్రైటనర్లు, అంటే తెలుపును పెంచి చూపే రసాయనాలు, ఉంటాయి. అవి క్రమంగా శక్తి కోల్పోయేకొద్దీ కాగితం పసుపుబారినట్టు కనిపిస్తుంది. దుకాణాల్లో దొంగనోట్లను పట్టుకునే యూవీ లైటు కింద పెట్టి చూడండి: బ్రైటనర్లున్న కాగితం నీలంగా వెలుగుతుంది, లేనిది వెలగదు.

కంపెనీలు చెప్పే ఏళ్ల లెక్కలు వాటి సొంత ఇంకు, కాగితాలకే వర్తిస్తాయి. చవకగా దొరికే రీఫిల్ ఇంకుకు వర్తించవు. పైగా, ప్రింట్ల మన్నికను పరీక్షించే సంస్థ విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ ప్రకటించే అంచనాలు రోజుకు 12 గంటలు 450 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుందన్న లెక్క మీద కట్టినవి. ఆరుబయట నేరుటెండ లక్ష లక్స్ దాకా ఉంటుంది కాబట్టి, మన పడమటి కిటికీ పక్క గోడకు ఆ అంచనా సరిపోదు.

పరీక్షకు నీలం, మెజెంటా, పసుపు, నలుపు, బూడిద, చర్మచ్ఛాయల గళ్లను ముదురుగానూ లేతగానూ ఒకే కాగితంపై మూడు ప్రతులు ముద్రించి, ఒకరోజు ఆరనివ్వండి. మొదటి ప్రతిలో సగాన్ని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, పడమటి కిటికీ అద్దానికి లోపలివైపు అంటించండి. రెండవదాన్ని వెలుతురు తగలని, గాలి ఆడే చోట వేలాడదీయండి; ఓజోను ప్రభావం ఇందులో బయటపడుతుంది. మూడవదాన్ని కవరులో పెట్టి బీరువాలో దాచండి. నెలకోసారి మూడింటినీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి పోల్చండి. లేత గళ్లలో, బూడిద రంగులో మార్పు ముందుగా కనబడుతుంది. బూడిద ఎరుపుకో పచ్చకో తిరిగిందంటే, ఇంకుల్లో ఒకటి మిగతావాటికంటే ముందే వెలిసిపోతోందన్నమాట.

నెగ్గిన జంటతో ముద్రించిన ప్రింటుకైనా ఫ్రేములో యూవీని ఆపే గాజు వేయించండి, గాజుకు ప్రింటు తగలకుండా మధ్యలో మౌంటు (ప్రింటు చుట్టూ ఉండే అట్ట అంచు) పెట్టించండి; లేకపోతే వానాకాలపు చెమ్మకు రెండూ అతుక్కుంటాయి.