కరెంటు పనిముట్లతో వడ్రంగం – 4వ పాఠం: జిగ్‌సా, పాలిషర్

గత పాఠంలో డ్రిల్లు దగ్గర ఆగాం. దాన్ని పక్కన పడేయకండి, ఈరోజు కూడా కావాలి.

మహారాష్ట్రలోని సిరొంచ, ఆల్లాపల్లి, బల్లార్షా వైపు మనవాళ్లకు వడ్రంగం అంటే ముందు టేకే. 2023 మార్చిలో అయోధ్య గుడి తలుపులకు టేకు వెళ్లింది మన చంద్రపూర్ జిల్లా నుంచే. అందుకే పాఠమంతా టేకు మీదే చెబుతాను. ఈ చెక్కలో నూనె ఉంటుంది, కంటికి కనిపించని సిలికా కూడా ఉంటుంది. నూనె ఉండబట్టే చెదలు అంత తేలిగ్గా పట్టవు. సిలికా మాత్రం బ్లేడు పళ్లను తొందరగా తినేస్తుంది. టేకు పని చేసేవాళ్లు బ్లేడ్లు ఎప్పుడూ నాలుగు ఎక్కువే కొనిపెట్టుకోవాలి.

జిగ్‌సా అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కూడా కోసే రంపం మిషను. దాన్ని కొనేటప్పుడు షాపువాడు ముందు వాట్లు చెబుతాడు. ఇంటి పనికి 500-600 వాట్లు చాలు. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. స్పీడు తగ్గించుకునే డయల్ ఉందా? బ్లేడు టీ-షాంక్ రకమా (మిషనులో బిగించే కొన T ఆకారంలో ఉండేది)? లోలకం మీట ఉందా? కింది ప్లేటు మందంగా, ఊగకుండా ఉందా? ప్లేటు వదులైతే మిషను ఎంత ఖరీదైనా గీత నిలవదు.

లోలకం మీటను సున్నా మీద పెడితే బ్లేడు నిలువుగా పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంది. అంకె పెంచేకొద్దీ ముందుకు కూడా ఊగుతూ కోస్తుంది. పని తొందరగా అవుతుంది, అంచు మాత్రం గరుకుగా వస్తుంది. సన్‌మైకాకు, రేకుకు సున్నానే. అంగుళం టేకు పలకను నేరుగా కోయాలంటే ఒకటి, రెండు సరిపోతాయి.

బ్లేడు విషయంలో పిసినారితనం పనికిరాదు. ముతక కోతకు అంగుళానికి 6 పళ్లు, నున్నటి కోతకు 10, సన్నటి వంపులకు 20 పళ్లున్న ఇరుకు బ్లేడు. రేకుకు వేరే బ్లేడు ఉంటుంది, దాన్ని చెక్క మీద వాడొద్దు. మామూలు బ్లేడు పళ్లు పైకి చూస్తాయి, పైకి వచ్చేటప్పుడే కోస్తాయి. అందుకే పెచ్చులు పైముఖంలో లేస్తాయి. పలక మంచి ముఖాన్ని కిందికి తిప్పి, వెనకవైపు గీత గీసి కోయండి.

పూజగది తలుపుకు జాలీ అనుకుందాం. రెండు ముఖాలూ కనిపిస్తాయి కాబట్టి తిప్పి కోసినా లాభం లేదు. గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, మీట సున్నాలో ఉంచి, సన్న బ్లేడు వేయండి. ప్రతి గడిలో 10 మి.మీ. డ్రిల్లు వేసి, బ్లేడు అందులోకి దించి, ప్లేటు పలక మీద పూర్తిగా ఆనాకే స్విచ్ నొక్కండి. మూల దగ్గర మిషను తిప్పొద్దు. ఒకవైపు నుంచి మూలదాకా కోసి, వెనక్కి వచ్చి, రెండోవైపు నుంచి మళ్లీ మూలను కలపండి. మిషను చప్పుడు మందగిస్తే మీరు తోస్తున్నారని అర్థం. తోస్తే బ్లేడు లోపల వంగి, పైన గీత మీదే ఉన్నా కింద పక్కకు పోతుంది. మందపు ద్వారబంధాలకు జిగ్‌సా వద్దనేది ఇందుకే.

ఇక పాలిషర్, అంటే గుండ్రటి మెత్తటి పాడ్‌ను (బఫ్‌ను) తిప్పి పూతకు మెరుపు తెచ్చే మిషను. "నాలుగంగుళాల గ్రైండరుకే బఫ్ బిగించెయ్ అన్నా, డబ్బులు మిగుల్తయ్" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వినకండి. ఆ గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల దగ్గర తిరుగుతుంది. పాలిషర్ తిరిగేది సుమారు 600 నుంచి 3,000 లోపే. పాడ్ మీద గరిష్ఠ స్పీడు అచ్చువేసి ఉంటుంది. అది దాటితే పాడ్ చిరిగి ఎగురుతుంది, వేడికి పూత ఉడికిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆర్బిటల్ రకం (పాడ్ తిరుగుతూనే చిన్న చిన్న చుట్లుగా ఊగేది) మేలు. పని నెమ్మదే గానీ, చెయ్యి కాస్త తడబడినా పూతను కాల్చదు.

మెలమైన్ గానీ పీయూ (పాలీయురేథేన్) గానీ, ఇలాంటి మెరిసే పూత ఏది వేసే ముందైనా టేకును థిన్నరు గుడ్డతో తుడవాలి, లేకపోతే నూనె మీద పూత సరిగ్గా పట్టదు. పూత వేశాక డబ్బా మీద రాసినంత కాలం ఆరనిచ్చి, 1500, తర్వాత 2000 నంబరు నీటి పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దండి. ఆ తర్వాతే కాంపౌండు, అంటే మెరుపు తెచ్చే పేస్టు. దాన్ని ముందు పాడ్‌తో పలక మీద అద్ది, మెల్లగా పరిచి, అప్పుడు స్పీడు పెంచండి. లేదంటే గోడంతా చిమ్ముతుంది. ఫోమ్ పాడ్‌తో మొదలుపెట్టండి, ఉన్ని పాడ్ గట్టిగా కోస్తుంది. అంచుల దగ్గర పాడ్ తిరుగుడు చెక్క నుంచి బయటికి పోయేలా పట్టండి. పూత ముందు పోయేది అంచు మీదే. ఒకేచోట నిలపకండి. చేత్తో తాకితే వేడి తగిలిందంటే ఆపాల్సిందే.

అవిసె నూనె పెట్టి ముగించే పనికి పాలిషరే అక్కర్లేదు, గుడ్డ చాలు. కానీ ఆ గుడ్డలను ముద్ద చేసి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. చంద్రపూర్ ఎండాకాలంలో ఇంకా ప్రమాదం. ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

సాధన: 12 మి.మీ. ప్లైవుడ్ తుక్కు మీద మూడు వృత్తాలు గీసి, మీట 0, 1, 3 మీద ఒక్కొక్కటి కోయండి. అంచుకు మూలమట్టం ఆనించి, ఎక్కడ సందు కనిపిస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ ముక్కలు దాచండి, 5వ పాఠంలో రౌటరుతో (అంచులు చెక్కే మిషను) వాటి అంచులే సరిచేస్తాం.